చందా గోడ వెనుక సాకర్: మెస్సీ ఉన్నా కనబడని లీగ్

2025 డిసెంబరు 13 సాయంత్రం హైదరాబాద్ ఉప్పల్‌లోని క్రికెట్ స్టేడియం ఫుట్‌బాల్ నినాదాలతో హోరెత్తింది. అర్జెంటీనా క్రీడాకారుడు లయొనెల్ మెస్సీని కళ్లారా చూసేందుకు వేలాది మంది టికెట్లు కొనుక్కుని వచ్చారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా మైదానంలోకి దిగి బంతిని తన్నారు. సరిగ్గా వారం కిందట, డిసెంబరు 6న, మెస్సీ సారథ్యంలోని ఇంటర్ మయామీ జట్టు ఫ్లోరిడాలో వాంకూవర్ వైట్‌క్యాప్స్‌పై 3-1 తేడాతో నెగ్గి, అమెరికా, కెనడా క్లబ్బుల ప్రధాన పోటీ అయిన మేజర్ లీగ్ సాకర్ కప్పును తొలిసారి అందుకుంది. ఉప్పల్‌కు వచ్చినవారిలో మెస్సీ పేరు తెలియనివారు ఉండరు. ఆయన ఆడుతున్న లీగ్‌లోని మిగతా 29 జట్లలో ఓ అయిదింటి పేర్లు చెప్పమంటే మాత్రం ఫుట్‌బాల్ ప్రియులు సైతం తడుముకోవలసిందే.

సముద్రాలకు ఆవల జరిగే పోటీ గురించి ఇక్కడివారికి తెలియకపోవడంలో వింత లేదు. అమెరికాలోనూ పరిస్థితి ఇంచుమించు ఇదే కావడమే ఆలోచించవలసిన విషయం. ప్రపంచంలోనే అత్యంత ప్రసిద్ధుడైన ఫుట్‌బాల్ క్రీడాకారుడు తమ గడ్డపై ఆడుతున్న కాలంలోనే ఆ లీగ్ సామాన్య ప్రేక్షకుడి కంటికి దూరమైంది. 2023లో లీగ్ తన మ్యాచ్‌లన్నింటినీ ఒకే స్ట్రీమింగ్ వేదిక చేతిలో పెట్టడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి.

కేబుల్ రుసుముకూ దీనికీ తేడా ఏమిటి?

పేవాల్ అని వ్యవహరించే ఈ చందా గోడ కొత్తదేమీ కాదు. కేబుల్ టీవీకి కూడా నెలనెలా డబ్బు చెల్లిస్తున్నాం కదా అన్న సందేహం సహజం. అయితే కేబుల్ రుసుము వంద చానళ్లకు కలిపి చెల్లించేది. వార్తల కోసమో, సీరియళ్ల కోసమో కనెక్షన్ పెట్టించుకున్న ఇంటికి ఆట కూడా వెంట వచ్చి కూర్చుంటుంది. భోజనం చేస్తూ రిమోట్ నొక్కుతున్న మనిషి ఒక గోల్ దగ్గర ఆగిపోతాడు. పక్కనే ఉన్న పిల్లవాడు ఆ జట్టు ఏదని అడుగుతాడు. అభిమానం చాలావరకు ఇలాగే, అనుకోకుండా మొదలవుతుంది.

స్ట్రీమింగ్ చందాలో ఈ యాదృచ్ఛికతకు చోటు లేదు. ఆ ఆటే కావాలని ముందుగా నిశ్చయించుకుని, యాప్ దింపుకుని, కార్డు వివరాలు నమోదు చేసి, ప్రత్యేకంగా కొనుక్కోవాలి. అంటే ఆ తలుపు దగ్గరికి వచ్చేవాడు అప్పటికే అభిమాని అయి ఉండాలి.

1996లో తొలి సీజన్ ఆడిన మేజర్ లీగ్ సాకర్‌కు, అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ పాతుకుపోయిన దేశంలో చోటు సంపాదించుకోవడమే దశాబ్దాల పని అయింది. 2015 నుంచి 2022 వరకు ఈఎస్‌పీఎన్, ఫాక్స్, యూనివిజన్ సంస్థలు కలిపి ఏడాదికి సుమారు 9 కోట్ల డాలర్లు చెల్లించాయి. వీటికి తోడు ప్రతి క్లబ్బు తన నగరంలోని ఏదో ఒక స్థానిక చానల్‌తో విడిగా ఒప్పందం కుదుర్చుకునేది. 2022 జూన్‌లో యాపిల్ సంస్థ పదేళ్లకు ఏడాదికి కనీసం 25 కోట్ల డాలర్ల చొప్పున, మొత్తం 250 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముందుకు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ‘ఎంఎల్ఎస్ సీజన్ పాస్’ మొదలైంది. దాని ధర నెలకు 14.99 డాలర్లు, సీజన్ మొత్తానికి 99 డాలర్లు. నాటి మారకపు విలువలో ఎనిమిది వేల రూపాయల పైమాటే. యాపిల్ సినిమాలు, సీరియళ్ల చందా అప్పటికే ఉన్నవారికి ధర తగ్గినా, సాకర్‌కు వేరే చందా తప్పలేదు.

ఈ ఒప్పందాన్ని తెలివితక్కువ నిర్ణయమని కొట్టిపారేయడం న్యాయం కాదు. అమెరికా క్రీడాభిమానిని ఏళ్ల తరబడి విసిగించిన జాడ్యం ఒకటుంది. సొంత నగరం జట్టు ఆడే మ్యాచ్ హక్కులు స్థానిక చానల్ వద్ద ఉంటే, డబ్బు కట్టి తీసుకున్న జాతీయ స్ట్రీమింగ్ సేవలో అదే మ్యాచ్‌కు తెర మూసేస్తారు. దీన్నే బ్లాకౌట్ అంటారు. యాపిల్ ఒప్పందం దాన్ని పూర్తిగా తుడిచేసింది. ఏ దేశంలో ఉన్నా, ఏ జట్టుదైనా, ప్రతి మ్యాచ్ ఒకే చోట దొరికింది. ఇంగ్లీషుతో పాటు స్పానిష్ వ్యాఖ్యానం, కెనడా జట్లకు ఫ్రెంచి వ్యాఖ్యానం ఏర్పాటయ్యాయి. స్థానిక రేడియో వ్యాఖ్యాతల గొంతు వినదలచినవారికి చిత్రం యాప్‌లో, మాట రేడియోలో అన్నట్లుగా ఆ సదుపాయాన్నీ జోడించారు. స్టేడియం సీజన్ టికెట్ కొన్నవారికి పాస్ ఉచితంగా ఇచ్చారు. క్లబ్బులకు వచ్చే ఆదాయం స్థిరపడింది. కొత్తగా చేరిన శాన్ డియేగో జట్టు లీగ్‌లో ప్రవేశానికే 50 కోట్ల డాలర్లు చెల్లించిందంటే పెట్టుబడిదారుల నమ్మకం ఏ స్థాయిలో ఉందో ఊహించవచ్చు. 2024లో మ్యాచ్‌కు సగటున 23 వేల మందికి పైగా స్టేడియాలకు వచ్చారు. ఆ ఏడాది మొత్తం హాజరు కోటి దాటింది.

అప్పటికే అభిమానులైనవారికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. చిక్కు వచ్చిందల్లా ఇంకా అభిమానులు కాని వారితోనే.

ఫ్రిస్కోలో ఏం మారింది?

టెక్సస్‌లోని ఫ్రిస్కో పట్టణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. డల్లాస్ శివారులోని ఈ పట్టణం, దాని పొరుగు ఊళ్లు అమెరికాలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతాల్లో ముఖ్యమైనవి. ఎఫ్‌సీ డల్లాస్ జట్టు సొంత మైదానం అక్కడే ఉంది. అమెరికా సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఆ స్టేడియం ప్రాంగణంలోనిదే. ఇలాంటి శివారు పట్టణాల్లో పిల్లలను శనివారం ఉదయం సాకర్ ఆటకు తీసుకువెళ్లడం దాదాపు కుటుంబ సంప్రదాయం. తల్లిదండ్రులు క్రికెట్‌తో పెరిగారు, పిల్లలు సాకర్ బూట్లు తొడుక్కుంటున్నారు. లీగ్‌కు ఇంతకన్నా సారవంతమైన నేల దొరకదు.

అయితే 2023 తర్వాత ఆ ఇంట్లో టీవీ పెడితే తమ ఊరి జట్టు మ్యాచ్ స్థానిక చానల్లో కనబడదు. శనివారం ఉదయం ఎన్‌బీసీలో మాత్రం లివర్‌పూల్, ఆర్సెనల్ వంటి జట్లు ఆడే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్ యాంటెన్నా ఉంటే చాలు, ఉచితంగా కనిపించవచ్చు. ఇంటికి పది నిమిషాల దూరంలో ఆడే జట్టు గోడ అవతల ఉంది. ఏడు వేల కిలోమీటర్ల అవతల ఆడే జట్టు హాల్లో ఉంది. పిల్లవాడు ఎవరి చొక్కా కొనిపెట్టమని అడుగుతాడో చెప్పనక్కరలేదు.

మ్యాచ్‌ల సమయాలు కూడా ఇందుకు తోడయ్యాయి. కొత్త ఏర్పాటులో అధిక శాతం మ్యాచ్‌లు శని, బుధవారాల్లో స్థానిక కాలమానం ప్రకారం రాత్రి 7.30 గంటలకు మొదలయ్యేవి. తన జట్టును మాత్రమే చూసే అభిమానికి ఇది సౌకర్యమే. పది మ్యాచ్‌లు ఒకేసారి నడుస్తుంటే, దేశం మొత్తం ఒకే మ్యాచ్‌ను చూసి మర్నాడు దాని గురించే మాట్లాడుకునే సందర్భం లేకుండా పోయింది. ఈ లోటును గుర్తించే 2025లో ఆదివారం రాత్రికి ఒక ప్రత్యేక మ్యాచ్‌ను కేటాయించారు.

మెస్సీ రాకతో ఈ చిక్కు తీరుతుందని అంతా భావించారు. 2023 జూలై 21న ఆయన ఇంటర్ మయామీ తరఫున తొలి మ్యాచ్ ఆడి, చివరి నిమిషాల్లో ఫ్రీ కిక్‌తో గోల్ చేసి మెక్సికో జట్టు క్రూజ్ అజుల్‌పై గెలిపించారు. ఆ ఒక్క రోజే అమెరికాలో లక్షకు పైగా కొత్త చందాలు వచ్చాయని ఆంటెనా అనే మార్కెట్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. కొత్త చందాల ఆదాయంలో మెస్సీకి వాటా ఇచ్చేలా ఒప్పందం కుదిరినట్లు నాడు విస్తృతంగా వార్తలు వచ్చాయి. అయితే వచ్చినవారిలో ఎందరు మయామీ మ్యాచ్ అయ్యాక సియాటిల్, కొలంబస్ జట్ల మ్యాచ్ చూశారన్నది వేరే ప్రశ్న. మనిషి కోసం కొన్న టికెట్టు ఆట కోసం కొన్నదిగా మారడానికి కాలం పడుతుంది.

లెక్క తేలని ప్రేక్షకులు

చందా గోడ వల్ల లీగ్‌కు కలిగిన అసలు నష్టం ప్రేక్షకులు తగ్గడమా, లేక వారు ఎందరో లోకానికి తెలియకపోవడమా అన్నది చర్చనీయాంశం. యాపిల్ ఏనాడూ సీజన్ పాస్ చందాదారుల సంఖ్యను క్రమం తప్పకుండా వెల్లడించలేదు. టీవీ ప్రేక్షకులను నీల్సన్ సంస్థ లెక్కిస్తుంది. ఆ అంకెలు మర్నాడే పత్రికల్లో వస్తాయి. వాటిపై వాదోపవాదాలు జరుగుతాయి. ప్రకటనదారులు, స్పాన్సర్లు వాటిని చూసే ధర కడతారు. అంకె లేని ఆట గురించి రాసేందుకు సంపాదకులకూ ఉత్సాహం ఉండదు.

తెలిసిన అంకెలు ఆశాజనకంగా లేవు. 2022 నవంబరులో లాస్ ఏంజెలిస్ ఎఫ్‌సీ, ఫిలడెల్ఫియా జట్ల మధ్య ఉత్కంఠభరితంగా సాగిన ఫైనల్‌ను ఫాక్స్ చానల్లో సుమారు 15 లక్షల మంది చూశారు. యాపిల్ శకం మొదలైన 2023లో ఆ సంఖ్య దాదాపు 9 లక్షలకు తగ్గింది. 2024లో ఫాక్స్, దాని స్పానిష్ చానల్ కలిపినా 5 లక్షలకు చేరలేదు. ఇక్కడ రెండు విషయాలు మరవకూడదు. ఈ అంకెల్లో యాపిల్ ప్రేక్షకులు లేరు. పైగా 2024 ఫైనల్ రోజునే, అదే వేళకు, కళాశాల జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ పోటీల్లో ముఖ్యమైన మ్యాచ్ ఉంది. అయినా ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కు ఉచిత చానల్లో ఇంత తక్కువ మంది రావడం ఏడాది పొడవునా ఆ లీగ్ ఎవరి కంటా పడకపోవడం వల్లనే అన్న వాదనకు బలముంది. సీజనంతా కనబడని సీరియల్ చివరి భాగాన్ని మాత్రం చూడమంటే ఎవరు కూర్చుంటారు?

2025లో లీగ్ తొలిసారిగా ఒక అంకె చెప్పింది. మ్యాచ్‌కు సగటున 1,20,000 మంది ‘ప్రత్యేక వీక్షకులు’ ఉన్నారన్నది ఆ ప్రకటన. దీన్ని టీవీ అంకెలతో పోల్చడం పొరపాటు. నీల్సన్ లెక్క మ్యాచ్ సాగినంతసేపూ ప్రతి నిమిషానికి ఎందరు చూశారన్న దాని సగటు. ప్రత్యేక వీక్షకుల లెక్కలో మ్యాచ్ తెరిచి కాసేపటికే మూసేసినవారు సైతం ఒకరుగా నమోదవుతారు. మొదటిది సగటున కుర్చీలో ఉన్నవారి సంఖ్య, రెండవది గేటు దాటినవారి సంఖ్య. గేటు దాటినవారి సంఖ్య ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది.

గోడ కట్టిన ఇతరుల అనుభవం

చందాతో ఏ లీగూ ఎదగదన్న నిర్ధారణకు రావడం తొందరపాటు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ పుట్టిందే చందా చానల్ డబ్బుతో. 1992లో బీస్కైబీ సంస్థ అయిదేళ్ల ప్యాకేజీకి 30 కోట్ల పౌండ్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది. నేడు అది ప్రపంచంలోనే అత్యంత సంపన్న ఫుట్‌బాల్ లీగ్. అయితే ఆ క్లబ్బులకు అప్పటికే శతాబ్దం చరిత్ర, తరతరాల అభిమానం ఉన్నాయి. తాత వెళ్లిన మైదానానికే మనుమడు వెళతాడు. పైగా 1964లో బీబీసీ మొదలుపెట్టిన ‘మ్యాచ్ ఆఫ్ ద డే’ కార్యక్రమం ద్వారా ముఖ్యాంశాలు ఉచితంగా జనానికి అందుతూనే ఉన్నాయి. రేడియో వ్యాఖ్యానం ఏనాడూ ఆగలేదు. ఊట ఉన్న బావికి గిలక బిగించి నీళ్లు అమ్ముకున్నారు. అమెరికా లీగ్ ఊట పడకముందే గిలక బిగించింది.

ఊట ఉన్న బావి కూడా తగ్గవచ్చనడానికి ఇంగ్లండ్ క్రికెటే సాక్ష్యం. 2005 యాషెస్ సిరీస్ ఉచిత చానల్ ‘చానల్ 4’లో ప్రసారమైంది. ట్రెంట్‌బ్రిడ్జ్ టెస్టును ఒక దశలో 84 లక్షల మంది చూశారు. ఆ తర్వాత హక్కులన్నీ చందా చానల్ స్కైకి వెళ్లాయి. 2009లో అదే యాషెస్‌ను ఇంగ్లండ్ సొంతగడ్డపై మళ్లీ గెలుచుకుంటే, ప్రేక్షకుల అత్యధిక సంఖ్య 20 లక్షలకు చేరలేదు. బోర్డుకు డబ్బు వచ్చింది. ఆ డబ్బుతోనే జట్టు బలపడిందనేవారూ ఉన్నారు. 2019 ప్రపంచ కప్ ఫైనల్‌ను స్కై ఉచిత చానల్‌తో పంచుకోగానే ప్రేక్షకులు మళ్లీ 80 లక్షలు దాటారు. మధ్యలో గడిచిన పద్నాలుగేళ్లలో బడికి వెళ్లిన పిల్లల్లో ఎందరు క్రికెట్ చూడకుండానే పెద్దవారయ్యారన్నది ఏ జమాఖర్చులోనూ కనబడదు.

ఫ్రాన్స్ కథ మరింత ఘాటైనది. 2024లో డాజోన్ అనే స్ట్రీమింగ్ సంస్థ అక్కడి లీగ్ 1 మ్యాచ్‌లలో అధిక భాగాన్ని ఏడాదికి 40 కోట్ల యూరోలకు తీసుకుని, ఏడాది పాటు కట్టుబడితే నెలకు 29.99 యూరోలు, కట్టుబడకపోతే 39.99 యూరోలు అని ధర ప్రకటించింది. అభిమానులు భగ్గుమన్నారు. టెలిగ్రామ్‌లో దొంగ ప్రసారాల లింకులు చేతులు మారాయి. చందాలు ఆశించిన దానికి చాలా దూరంలో ఆగిపోవడంతో ఒప్పందం ఒక్క సీజన్‌తోనే ముగిసింది. 2025లో లీగ్ సొంతంగా వేదిక పెట్టుకుని 14.99 యూరోలకు అందిస్తే కొద్ది వారాల్లోనే పది లక్షల మందికి పైగా చేరారు. అదే ఆట, అదే జట్లు. గోడ ఎత్తు సగానికి తగ్గింది.

జర్మనీ లీగ్ బుందెస్‌లీగా బ్రిటన్‌లో 2025-26 సీజన్ శుక్రవారపు మ్యాచ్‌లను యూట్యూబ్ చానళ్లకు ఇచ్చింది. తన దేశంలో అమ్ముకోగలిగిన సరుకును పొరుగు దేశంలో రుచి చూపించడానికి ఉచితంగా పంచుతోందన్నమాట. ఎక్కడ అభిమానం ఉందో అక్కడ గోడ, ఎక్కడ లేదో అక్కడ తెరిచిన వాకిలి అన్నది ఇప్పుడు చాలా లీగ్‌లు నేర్చుకుంటున్న లెక్క.

ఎంఎల్ఎస్ సైతం ఆ దిశగానే నడిచింది. 2025లో కొన్ని కేబుల్, శాటిలైట్ సంస్థల ద్వారా కూడా సీజన్ పాస్ అమ్మారు. 2025 నవంబరులో అసలు నిర్ణయం వెలువడింది. 2026 సీజన్ నుంచి విడి పాస్ రద్దయింది. యాపిల్ టీవీ సాధారణ చందా ఉన్న ప్రతి ఇంటికీ లీగ్ మ్యాచ్‌లన్నీ అదనపు రుసుము లేకుండా అందుతాయి. అమెరికాలో ఆ చందా నెలకు 12.99 డాలర్లు. సినిమాల కోసం, సీరియళ్ల కోసం కట్టినవారి ఇంట్లోకి ఆట వెంట వచ్చి కూర్చునే పాత కేబుల్ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. రెండు గోడల్లో ఒకటి పడిపోయింది, రెండవది ఉంది. ఒప్పంద కాలాన్ని సైతం కుదించి, పదేళ్లకు బదులు 2028-29 సీజన్‌తోనే ముగించేందుకు ఇరుపక్షాలు అంగీకరించాయి. 2026 జూన్ 11 నుంచి జూలై 19 వరకు అమెరికా, కెనడా, మెక్సికోలలో ప్రపంచ కప్ పోటీలు పెట్టుకుని, సొంత లీగ్‌ను రెండు గోడల వెనుక దాచి ఉంచడం తమకే మంచిది కాదని లీగ్ యాజమాన్యం గ్రహించినట్లే కనిపిస్తుంది.

మన దేశం మాటేమిటి?

భారత్‌లో ఫుట్‌బాల్ అభిమానానికి దూరదర్శన్‌తో ఉన్న అనుబంధం పాతది. 1986 ప్రపంచ కప్‌ను దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపింది. అర్ధరాత్రి వేళ టీవీ ఉన్న ఇళ్లలో ఇరుగుపొరుగు గుమిగూడారు. డీగో మారడోనా ఎవరో తెలియని బెంగాల్, కేరళ పల్లెలు ఆ నెల రోజుల్లో అర్జెంటీనా పక్షం వహించాయి. ఆ పక్షం తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించింది. మెస్సీకి ఇక్కడ లభించే ఆదరణలో ఆ నాటి ఉచిత ప్రసారపు వాటా తక్కువేమీ కాదు. ఆయన మయామీ మ్యాచ్‌లకు మాత్రం 2023 నుంచి మన దేశంలోనూ దారి యాపిల్ యాప్ మీదుగానే.

ఇండియన్ సూపర్ లీగ్ అనుభవం ఈ చర్చకు మరో కోణం జోడిస్తుంది. 2014లో మొదలైన ఈ లీగ్ 2023-24లో జియోసినిమాలో ఉచితంగా ప్రసారమైంది. గోడ లేదు కదా, జనం వచ్చిపడ్డారా అంటే లేదు. 2025లో లీగ్ వాణిజ్య హక్కులకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య టెండర్లు పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. టెండరు షరతుల కాఠిన్యం, సమాఖ్య చిక్కులు, క్రికెట్ ఆక్రమించిన ప్రకటనల మార్కెట్ వంటి కారణాలు అనేకం. తలుపు తెరిచినా లోపల ఏముందో నలుగురికీ చెప్పే పని మిగిలే ఉంటుంది.

ఈ కుదుపుల్లోనే హైదరాబాద్ తన జట్టును పోగొట్టుకుంది. 1950లలో, 60లలో భారత జట్టుకు శిక్షకుడిగా రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరవాసి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరు ఒకప్పుడు దేశమంతటా మారుమోగింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి సూపర్ లీగ్ గెలిచింది. నాటి మ్యాచ్‌లు స్టార్ స్పోర్ట్స్, హాట్‌స్టార్ చందాదారులకే అందేవి. గచ్చిబౌలి మైదానం సొంతమైన ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. నగరంలో ఒక చాంపియన్ జట్టు ఉండేదని, అది వెళ్లిపోయిందని, రెండు సంగతులూ ఒకేసారి తెలుసుకున్నవారు చాలామందే ఉంటారు.

ప్రజలు చూడదగిన ఆటను గోడ వెనుక ఉంచకుండా చూసే చట్టం మన దేశంలో ఒకటుంది. 2007 నాటి క్రీడా ప్రసార సంకేతాల చట్టం ప్రకారం, కేంద్రం జాతీయ ప్రాధాన్యం గలవిగా ప్రకటించిన పోటీల ప్రత్యక్ష ప్రసార సంకేతాన్ని, వాణిజ్య ప్రకటనలు లేకుండా, హక్కుదారులు ప్రసార భారతితో పంచుకోవాలి. వచ్చే ప్రకటనల ఆదాయంలో టీవీ అయితే కనీసం 75 శాతం, రేడియో అయితే 50 శాతం హక్కుదారుకు చెందుతుంది. ఆ సంకేతాన్ని భూతల ప్రసారానికి, డీడీ ఫ్రీడిష్‌కు మాత్రమే వాడాలని, ప్రైవేటు కేబుల్ సంస్థల ద్వారా పంపరాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చందా లేని ఫ్రీడిష్ దేశంలో నాలుగు కోట్లకు పైగా ఇళ్లలో ఉంది. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, భారత క్రికెట్ జట్టు ఆడే వన్డేలు, ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లోని కీలక మ్యాచ్‌లు, సంతోష్ ట్రోఫీ చివరి దశ మ్యాచ్‌లు ఆ జాబితాలోనివి. ఇండియన్ సూపర్ లీగ్ అందులో లేదు.